డిస్క్ తెరుచుకోకముందే పనిచేయాల్సిన టూల్: ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో సొంత సాధనాలు చేర్చడం

చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో లైనక్స్ సర్వర్ ఉందనుకుందాం. బ్లాకుల కొలతలు, స్లాబుల లెక్కలు, ఎగుమతి బిల్లులు అన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి యజమాని డిస్క్ మొత్తాన్ని లక్స్ అనే లైనక్స్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేయించారు, అంటే పాస్‌ఫ్రేజ్ లేకుండా చదవలేకుండా తాళం వేయించారు. దాని బాగోగులు చూసే మనిషి ఉండేది ఒంగోలులో. అర్ధరాత్రి కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా దిగిపోయి, తెల్లవారుజామున మళ్లీ కరెంటు వచ్చాక సర్వర్ తనంతట తానే లేస్తుంది గానీ, పాస్‌ఫ్రేజ్ అడిగే చోట ఆగిపోతుంది. టైపు చేయడానికి అక్కడ ఎవరూ ఉండరు. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్దామంటే, ఆ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఉన్నది ఇంకా తెరుచుకోని డిస్క్‌లోనే. కర్నూలు రోడ్డు పట్టుకుని బండి మీద వెళ్లి పాస్‌ఫ్రేజ్ కొట్టి రావడం ఒక దారి. డిస్క్ తెరుచుకోవడానికి ముందు నడిచే చిన్న వ్యవస్థలోనే ఒక ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను పెట్టుకోవడం రెండో దారి.

ఆ చిన్న వ్యవస్థ పేరు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. దానిలో సొంత టూల్ చేర్చడమంటే ఫైలును కాపీ చేయడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి కాపీ చేయడం ఈ పనిలో అతి చిన్న భాగం. ఆ టూల్ దేని మీద ఆధారపడుతుంది, ఏ క్షణంలో నడవాలి, దానితోపాటు వెళ్లిన రహస్యాలను ఎవరు చదవగలరు అనే మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా చేర్చిన టూల్ మామూలు రోజుల్లో కనిపించదు, అవసరమైన రోజున పనిచేయదు.

ముందుగా బూట్ క్రమం. మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ గ్రబ్ వంటి బూట్‌లోడర్‌ను లేపుతుంది. బూట్‌లోడర్ రెండు ఫైళ్లను మెమరీలోకి ఎక్కిస్తుంది: ఒకటి సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, రెండోది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్. ఆ ఇమేజ్ నిజానికి సీపీఐఓ అనే పాతకాలపు ఆర్కైవ్, సాధారణంగా కంప్రెస్ చేసి ఉంటుంది. కెర్నల్ దాన్ని మెమరీలోని ఫైల్ సిస్టమ్‌లోకి విప్పి, అందులో ఇనిట్ అనే పేరున్న ప్రోగ్రామ్‌ను ఒకటో నంబరు ప్రాసెస్‌గా నడుపుతుంది. సిస్టమ్ ఫైళ్లుండే అసలు రూట్ ఫైల్ సిస్టమ్‌ను వెతికి, అవసరమైతే దాని తాళం తీసి, మౌంట్ చేసి (అంటే వాడకానికి జోడించి), మిగతా సిస్టమ్‌ను నడిపే సిస్టమ్‌డీకి అధికారాన్ని అప్పగించడం ఆ ఇనిట్ బాధ్యత. అప్పగింత సమయంలో మెమరీలో విప్పుకున్న ఫైళ్లన్నీ చెరిగిపోతాయి, అవి ఆక్రమించిన చోటు తిరిగి వ్యవస్థకు వస్తుంది.

కెర్నల్ 2.6 వరుసకు ముందు ఈ పనిని ఇనిట్‌ఆర్‌డీ అనే పాత పద్ధతి చేసేది. అది ఆర్కైవ్ కాదు, మెమరీలో ఉంచిన ఒక డిస్క్ నకలు. దాని పరిమాణం ముందే నిర్ణయించాలి, దానికో ఫైల్ సిస్టమ్ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉండాలి. పద్ధతి పోయింది గానీ పేరు పోలేదు. బూట్ డైరెక్టరీలో నేటికీ ఆ ఫైలు ఇనిట్‌ఆర్‌డీ పేరుతోనే కనిపిస్తుంది కాబట్టి కొత్తవారు రెండూ ఒకటేనని పొరబడతారు.

ఈ వ్యవస్థకు డిస్క్ మీది యూఎస్‌ఆర్ డైరెక్టరీ లేదు, ప్యాకేజీ మేనేజర్ లేదు, లాగ్‌లు దాచుకునే చోటు లేదు. జువ్వలదిన్నె నుంచి వేటకు వెళ్లే బోటులో ఐసు, డీజిలు, బియ్యం, వలలు ఒడ్డునే ఎక్కించుకోవాలి. మర్చిపోయినది నడిసముద్రంలో దొరకదు. ఇక్కడ ఒడ్డు అంటే ఇమేజ్ తయారయ్యే సమయం. డెబియన్, ఉబుంటు వాడేవారికి అది అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే కమాండ్ నడిచే కొద్ది క్షణాలు.

హుక్ అంటే ఏమిటి, స్క్రిప్ట్ అంటే ఏమిటి

డెబియన్ వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ ప్యాకేజీలో రెండు రకాల ఫైళ్లున్నాయి, గందరగోళమంతా వాటిని కలిపేసుకోవడం వల్లే వస్తుంది. ఈటీసీ కింద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ డైరెక్టరీలో హుక్స్ అనే ఫోల్డర్ ఒకటి, స్క్రిప్ట్స్ అనే ఫోల్డర్ ఒకటి ఉంటాయి. హుక్ ఇమేజ్ తయారయ్యేటప్పుడు, అంటే పూర్తి స్థాయి సిస్టమ్ నడుస్తుండగా పనిచేస్తుంది. ఏయే ఫైళ్లు లోపలికి వెళ్లాలో చెప్పడం దాని పని. స్క్రిప్ట్ తర్వాత ఎప్పుడో, బూట్ అయ్యేటప్పుడు, ఆ చిన్న వ్యవస్థ లోపల నడుస్తుంది. హుక్‌లో రాయాల్సినది స్క్రిప్ట్‌లో రాస్తే, ఇంకా లేని ఫైలును కాపీ చేయబోయి విఫలమవుతుంది. స్క్రిప్ట్‌లో రాయాల్సినది హుక్‌లో రాస్తే, అది నడుస్తున్న సర్వర్ మీదే అమలైపోతుంది. రెండో పొరపాటు ప్రమాదకరం.

ఉదాహరణకు, డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్‌సీటీఎల్ టూల్‌ను చేరుద్దాం. రూట్ దొరక్క బూట్ ఆగిపోయినప్పుడు తప్పు డిస్క్‌దా, సెట్టింగులదా అని తేల్చడానికి ఇంతకంటే పనికొచ్చేది మరొకటి లేదు. హుక్ ఫైలు మొదటి పంక్తిలో బిన్ డైరెక్టరీలోని ఎస్‌హెచ్ షెల్ పేరు ఉంటుంది. తర్వాత ప్రీరెక్ అనే వేరియబుల్, దానిలోని విలువను తెరమీద చూపించే చిన్న ఫంక్షన్. ఈ హుక్ కన్నా ముందు మరే హుక్ నడవాలో వ్యవస్థ దీన్ని అడిగి తెలుసుకుంటుంది. ఆపై యూఎస్‌ఆర్ కింద షేర్‌లో ఉండే హుక్-ఫంక్షన్స్ ఫైలును లోపలికి పిలుచుకోవాలి. అసలు పని చేసేది చివరి పంక్తి ఒక్కటే: కాపీ-ఎగ్జెక్ అనే ఫంక్షన్‌కు స్మార్ట్‌సీటీఎల్ పూర్తి చిరునామా ఇవ్వడం. కాపీ కమాండ్‌ను నేరుగా వాడకుండా కాపీ-ఎగ్జెక్‌ను వాడటానికి కారణముంది. అది ఆ ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీలను, వాటి జాబితా ఇచ్చే ఎల్‌డీడీ అనే కమాండ్ ద్వారా తెలుసుకుని వాటినీ వెంట తీసుకెళ్తుంది. హుక్ ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వడం మరిచిపోతే మాత్రం వ్యవస్థ దాన్ని ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది.

లేదన్నది ఏ ఫైలు?

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ పనిలో అందరినీ వేధించేది ఒకే సందేశం: ఫైలు దొరకలేదు. ఎల్‌ఎస్ కొట్టి చూస్తే ఫైలు కళ్లెదుటే ఉంటుంది. నడపబోతే మాత్రం లేదంటుంది.

అబద్ధమేమీ లేదు, లేదని చెప్పేది వేరే ఫైలు గురించి. డైనమిక్‌గా లింక్ చేసిన, అంటే నడిచేటప్పుడు బయటి లైబ్రరీలను వాడుకునే ప్రతి ప్రోగ్రామ్ లోపల, తనను మెమరీలోకి ఎక్కించే లోడర్ చిరునామా రాసి ఉంటుంది. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో అది లిబ్64 డైరెక్టరీలోని ఎల్‌డీ-లైనక్స్ ఫైలు. దాన్ని తీసుకెళ్లడం మరిస్తే కెర్నల్ ఆ లోడర్ దొరకలేదని చెబుతుంది, షెల్ దాన్ని ప్రోగ్రామే దొరకలేదన్నట్టు చూపిస్తుంది. స్క్రిప్టుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. అలవాటు కొద్దీ మొదటి పంక్తిలో బాష్ అని రాస్తే, ఇమేజ్ తయారీ సమయంలో బాష్ ఉంది కాబట్టి తనిఖీలన్నీ దాటిపోతుంది. బూట్‌లో మాత్రం ఉండేది, అనేక కమాండ్ల చిన్న రూపాలను ఒకే ప్రోగ్రామ్‌లో ఇచ్చే బిజీబాక్స్‌లోని చిన్న షెల్ మాత్రమే, బాష్ కాదు. అందుకే బూట్ స్క్రిప్టులను బాష్‌కే ప్రత్యేకమైన అర్రేలు, రెండు చదరపు బ్రాకెట్ల పరీక్షలు లేకుండా సాదా ఎస్‌హెచ్‌లో రాయాలి. గ్రెప్ వంటి మామూలు కమాండ్లకు సైతం బిజీబాక్స్‌లో ఆప్షన్లు తక్కువ.

ఎల్‌డీడీకి కనబడని ఆధారాలు మరింత ఇబ్బంది పెడతాయి. కొన్ని లైబ్రరీలను ప్రోగ్రామ్ మొదట్లో కాక, మధ్యలో అవసరం వచ్చినప్పుడు డీఎల్‌ఓపెన్ ద్వారా తెరుస్తుంది. అవి ఎల్‌డీడీ జాబితాలో ఉండవు. దీనికి పేరుపొందిన ఉదాహరణ లిబ్‌జీసీసీ. లైనక్స్‌లోని ప్రధాన సీ లైబ్రరీ అయిన గ్లిబ్‌సీలో ఒక థ్రెడ్‌ను (ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పనిని) రద్దు చేయాల్సి వచ్చినప్పుడు ఆ లైబ్రరీని అప్పటికప్పుడు తెరుస్తుంది, అది లేకపోతే పీథ్రెడ్-క్యాన్సిల్ పనిచేయడానికి లిబ్‌జీసీసీ ఉండాలని ఒక్క పంక్తి రాసి ప్రోగ్రామ్‌ను కూల్చేస్తుంది. పాస్‌ఫ్రేజ్ నుంచి కీ తయారు చేయడానికి లక్స్ రెండో వెర్షన్ వాడే ఆర్గాన్2 లెక్క అనేక థ్రెడ్లతో నడుస్తుంది కాబట్టి, లక్స్ తాళం తీసే క్రిప్ట్‌సెటప్ టూల్ వాడేవారు ఈ సందేశాన్ని బాగానే చూశారు. ఇప్పటి డిస్ట్రిబ్యూషన్లు తమ సొంత ప్యాకేజీల వరకు దీన్ని సర్దుకున్నాయి. మనం చేర్చే టూల్‌కు ఆ జాగ్రత్త మనమే పడాలి. పాత గ్లిబ్‌సీలో యూజర్ పేర్లు చదివే ఎన్‌ఎస్‌ఎస్ లైబ్రరీలదీ ఇదే కథ, 2.34 వెర్షన్‌లో ఫైళ్ల నుంచి చదివే భాగాన్ని ప్రధాన లైబ్రరీలోనే కలిపేయడంతో ఆ తలనొప్పి కొంత తగ్గింది.

లైబ్రరీలు కాని ఆధారాలూ ఉంటాయి. స్మార్ట్‌సీటీఎల్‌కు డిస్క్ మోడళ్ల డేటాబేస్ ఫైలు విడిగా ఉండవచ్చు. కీబోర్డు లేఅవుట్ చేర్చకపోతే పాస్‌ఫ్రేజ్‌లోని గుర్తులు అమెరికన్ లేఅవుట్ ప్రకారం పడతాయి. మన ప్రాంతంలో అందరూ అదే లేఅవుట్ వాడతారు కాబట్టి ఇది పెద్దగా బయటపడదు. ఈ లెక్కలన్నీ వద్దనుకుంటే టూల్‌ను స్టాటిక్‌గా కంపైల్ చేసుకోవచ్చు. అప్పుడు ఒకే ఫైలు, లోపల అన్నీ ఉంటాయి. మీరే రాసుకున్న చిన్న టూల్‌కు నా సలహా ఇదే. గో భాషలో, లేదా మజిల్ (musl) అనే చిన్న సీ లైబ్రరీతో సీ భాషలో రాస్తే ఇది సులువు. డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీగా వచ్చే పెద్ద టూల్స్‌కు మాత్రం కాపీ-ఎగ్జెక్ దారే మంచిది, ఎందుకంటే సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినప్పుడు మళ్లీ కంపైల్ చేసే బాధ ఉండదు, ఇమేజ్‌ను మళ్లీ తయారు చేస్తే చాలు.

ఎప్పుడు నడవాలి

స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో బూట్ దశల పేర్లతో ఉప ఫోల్డర్లుంటాయి. ఇనిట్-టాప్ అన్నిటికన్నా ముందు. ఇనిట్-ప్రీమౌంట్ నాటికి అవసరమైన మాడ్యూళ్లు, అంటే డ్రైవర్ల వంటి కెర్నల్ భాగాలు లోడై ఉంటాయి. లోకల్-టాప్ తర్వాత వ్యవస్థ రూట్ డిస్క్ కోసం చూస్తుంది, అది కనిపించే వరకు లోకల్-బ్లాక్ స్క్రిప్టులను మళ్లీ మళ్లీ నడుపుతుంది. ఇనిట్-బాటమ్ వచ్చేసరికి అసలు రూట్ మౌంట్ అయి ఉంటుంది, సాధారణంగా చదవడానికి మాత్రమే. ఏమీ కుదరనప్పుడు నడిచే ప్యానిక్ అనే ఫోల్డర్ కూడా ఉంది; డిస్క్ పరీక్ష వంటివాటికి అదే సరైన చోటు.

దశను తప్పుగా ఎంచుకుంటే లక్షణాలు అర్థంకానట్టుగా ఉంటాయి. అదే స్క్రిప్ట్ ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు, ఎందుకంటే యూఎస్‌బీ డిస్క్ కనిపించడానికి ఒకనాడు అర సెకను పడితే మరొకనాడు మూడు సెకన్లు పట్టవచ్చు. అలాంటప్పుడు స్లీప్ పెట్టి సరిపెట్టుకోవడం నాకు నచ్చని పద్ధతి. పరికరం ఫైలు కనబడే వరకు, ఒక గరిష్ఠ పరిమితితో, ఎదురుచూసే చిన్న లూప్ రాయడమే పద్ధతి. ఇక్కడ రాసిన సమాచారం తర్వాత కావాలంటే రన్ డైరెక్టరీలో దాచాలి, అది మెమరీలోనే ఉన్నా అసలు సిస్టమ్‌కు యథాతథంగా చేరుతుంది. మిగిలిన చోట్ల రాసినవన్నీ అప్పగింతతో పోతాయి.

మళ్లీ చీమకుర్తి సర్వర్ దగ్గరికి

రిమోట్‌గా తాళం తీయడానికి డెబియన్‌లో డ్రాప్‌బేర్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే సిద్ధమైన ప్యాకేజీ ఉంది. డ్రాప్‌బేర్ చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్. ఈటీసీ కింద దాని ఫోల్డర్‌లోని ఆథరైజ్డ్-కీస్ ఫైలులో మన పబ్లిక్ కీ పెట్టి, ఇమేజ్ తిరిగి తయారు చేసి, బూట్ ఆగిన చోట లాగిన్ అయి క్రిప్ట్‌రూట్-అన్‌లాక్ కమాండ్ ఇస్తే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. ఆ కమాండ్ తప్ప మరేదీ నడవకుండా డ్రాప్‌బేర్ ఆప్షన్లలోనే కట్టడి చేయవచ్చు, చేయాలి కూడా.

చిక్కంతా నెట్‌వర్క్‌తో. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ ఇమేజ్‌లో ఉండాలి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కాన్ఫిగరేషన్‌లో మాడ్యూల్స్ విలువ మోస్ట్ అని ఉంటే అది దాదాపు ఖాయం. డెప్ అని ఉంటే రూట్ డిస్క్‌కు అవసరమైనవే వెళ్తాయి, నెట్‌వర్క్ కార్డును మనమే మాడ్యూల్స్ ఫైలులో రాయాలి. డెప్ వల్ల ఇమేజ్ చిన్నదవుతుందన్నది నిజమే గానీ, కరెంటు హెచ్చుతగ్గులకు మదర్‌బోర్డు పోయి డిస్క్‌ను మరో సిస్టమ్‌కు మార్చాల్సి వస్తే ఆ ఇమేజ్ కొత్త యంత్రంలో డిస్క్‌ను గుర్తించకపోవచ్చు. క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు ఉన్న చోట మదర్‌బోర్డులు పోవడం వింత కాదు కాబట్టి నేనైతే మోస్ట్‌నే ఉంచుతాను. ఐపీ చిరునామాను కెర్నల్ కమాండ్ లైన్‌లో ఐపీ పారామీటర్‌తో ఇవ్వాలి, లేదా చిరునామాను రౌటర్ తానే ఇచ్చే డీహెచ్‌సీపీకి వదలాలి. వైఫై మీద ఇదంతా చేయాలనుకోకపోవడం మేలు: దానికి మరో ప్రోగ్రామ్, ఫర్మ్‌వేర్ ఫైళ్లు కావాలి, పైగా వైఫై పాస్‌వర్డ్ కూడా ఎన్‌క్రిప్ట్ కాని ఇమేజ్‌లోకి వెళ్తుంది.

ఫైబర్ కనెక్షన్‌కు బయటి నుంచి నేరుగా చేరుకునే ఐపీ చిరునామా లేకపోతే, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోనే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం తెరవాలన్న ఆలోచన వస్తుంది. కుదురుతుంది. వైర్‌గార్డ్ మాడ్యూల్, డబ్ల్యూజీ టూల్, ఒక ప్రైవేట్ కీ ప్రధానంగా కావాలి. అయితే వైర్‌గార్డ్ మొదటి పలకరింపు సందేశంలో గడియారపు సమయం ఉంటుంది. అవతలి వైపు అంతకుముందు చూసిన సమయం కన్నా పాతది వస్తే దాన్ని పాత సందేశాన్ని తిరిగి పంపిన దాడిగా భావించి పక్కన పడేస్తుంది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ బలహీనపడిన సిస్టమ్‌లో కరెంటు పోగానే గడియారం ఏళ్ల వెనక్కి వెళ్తుంది. అలా లాగ్‌లో ఏ తప్పూ కనబడకుండానే సొరంగం కలవకుండా పోతుంది, అదీ సరిగ్గా కరెంటు పోయి వచ్చిన రోజునే. అందుకే సొరంగాన్ని సర్వర్‌లో కాక అక్కడి రౌటర్‌లో పెట్టడం మేలు. అది కుదరకపోతే, సొరంగానికి ముందు గడియారం సరిచేసే చిన్న ఎన్‌టీపీ టూల్‌ను కూడా చేర్చాలి. బిజీబాక్స్‌లో ఆ ఆప్లెట్ (లోపలి చిన్న కమాండ్) ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఎవరు చదవగలరు

రూట్ ఎన్‌క్రిప్ట్ అయినా బూట్ విభాగం మామూలుగా ఎన్‌క్రిప్ట్ కాదు. ఇమేజ్‌లో పెట్టిన ప్రతి కీ, ప్రతి పాస్‌వర్డ్, డిస్క్‌ను ఊడదీసిన ఎవరికైనా చదవడానికి దొరుకుతుంది. అందువల్ల అసలు సిస్టమ్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలను డ్రాప్‌బేర్‌కు ఇవ్వకూడదు. విడి కీలు, వీలైతే విడి పోర్టు వాడాలి. వైర్‌గార్డ్ కీ కూడా ఈ ఒక్క పనికే పరిమితమైనది కావాలి, అవతలి వైపు దానికి మిగతా నెట్‌వర్క్‌లోకి దారి ఇవ్వకూడదు. సర్వర్‌లోని ఇతర యూజర్లు ఇమేజ్‌ను చదవకుండా కాన్ఫిగరేషన్‌లో యూమాస్క్ విలువను 0077గా ఉంచవచ్చు. మెషీన్‌ను చేతితో తాకగలిగేవాడు మాత్రం ఇనిట్‌నే మార్చి మన పాస్‌ఫ్రేజ్‌ను దొంగిలించవచ్చు. దానికి విరుగుడు కెర్నల్‌ను, ఇమేజ్‌ను, కమాండ్ లైన్‌ను ఒకే ఫైలుగా చేసి సంతకం పెట్టే యూకేఐ పద్ధతి, దానితోపాటు సంతకం సరిపోయిన ఫైళ్లనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్. టీపీఎం అనే భద్రతా చిప్‌లో కీ దాచి, దాన్ని బూట్ సమయంలో తీసే ఇమేజ్ కొలతకు (ఇమేజ్‌లోని విషయం నుంచి లెక్కగట్టే గుర్తుకు) ముడిపెట్టినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: కొత్త టూల్ చేర్చాక వచ్చే బూట్‌లో ఆ కొలత మారుతుంది, చిప్ కీ ఇవ్వడానికి నిరాకరిస్తుంది, పాస్‌ఫ్రేజ్ చేతికి అందుబాటులో ఉండాలి.

రీబూట్‌కు ముందు

ఇమేజ్ తయారయ్యాక ఎల్‌ఎస్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో ఫైళ్ల జాబితా చూస్తే టూల్ వెళ్లిందో లేదో తెలుస్తుంది, పనిచేస్తుందో లేదో తెలియదు. దానికి మంచి పరీక్ష మరొకటుంది. అన్‌ఎంకే-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌తో ఇమేజ్‌ను ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పండి. ప్రాసెసర్ మైక్రోకోడ్ ఉన్న ఇమేజ్ అయితే అది కంప్రెస్ చేయని ముందు ఆర్కైవ్‌గా, అసలు భాగం మెయిన్ అనే ఉప ఫోల్డర్‌గా వస్తాయి. ఆ మెయిన్ ఫోల్డర్‌లోకి సీహెచ్‌రూట్ చేసి, అంటే ఆ ఫోల్డర్‌నే మొత్తం సిస్టమ్‌గా భావించేలా చేసి, టూల్‌ను నడపండి. లోడర్ లేకపోయినా, లైబ్రరీ లేకపోయినా అక్కడికక్కడే తెలిసిపోతుంది, ఏ సర్వర్‌నూ ఆపనక్కర్లేదు. తర్వాత క్యూఎమ్‌యూ అనే వర్చువల్ మెషీన్‌లో కెర్నల్‌ను, ఇమేజ్‌ను ఇచ్చి బూట్ చేయవచ్చు. కెర్నల్ కమాండ్ లైన్‌లో బ్రేక్ పారామీటర్‌కు ప్రీమౌంట్ విలువ ఇస్తే సరిగ్గా ఆ దశలో షెల్ వస్తుంది.

అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను యూ ఆప్షన్‌తో నడిపితే మామూలుగా తాజా కెర్నల్ ఇమేజ్ మాత్రమే మారుతుంది. మొదటిసారి అన్ని కెర్నల్‌లకూ కలిపి చేయకండి. పాత కెర్నల్ ఇమేజ్ అలాగే ఉంటే, గ్రబ్ మెనూలో దాన్ని ఎంచుకుని వెనక్కి రావచ్చు. బూట్ విభాగంలో ఖాళీ ఎంతుందో కూడా ముందే చూడాలి. అది నిండితే ఇమేజ్ తయారీ మధ్యలో ఆగి, కెర్నల్ అప్‌డేట్ సగంలో నిలిచిపోతుంది.

మిగతా డిస్ట్రిబ్యూషన్లలో సూత్రం ఇదే, పేర్లు వేరు. ఆర్చ్ లైనక్స్‌లో ఇమేజ్ తయారు చేసే ఎంకేఇనిట్‌సీపీఐఓ కాన్ఫిగరేషన్ ఫైలులో బైనరీస్ అనే జాబితాలో టూల్ పేరు రాస్తే చాలు, దాని లైబ్రరీలు వాటంతట అవే వస్తాయి. ఫెడోరా, రెడ్ హ్యాట్ వర్గంలో ఈ పనికి డ్రాకట్ అనే టూల్ ఉంటుంది. కేవలం ఒక ఫైలును చేర్చడానికి దాని కాన్ఫిగరేషన్‌లో ఇన్‌స్టాల్-ఐటమ్స్ అనే పంక్తి సరిపోతుంది. బూట్‌లో నడవాల్సినది అయితే మాడ్యూల్-సెటప్ అనే ఫైలు ఉన్న సొంత మాడ్యూల్ రాయాలి. అందులో చెక్ ఫంక్షన్ ఆ మాడ్యూల్ కావాలా వద్దా అన్నది, డిపెండ్స్ ఇతర మాడ్యూళ్ల పేర్లు, ఇన్‌స్టాల్ వెళ్లాల్సిన ఫైళ్లు చెబుతాయి. డెబియన్‌లో హుక్, స్క్రిప్ట్ అని రెండు చోట్ల ఉన్నది ఇక్కడ ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది. డ్రాకట్ మాటల్లో హుక్ అంటే బూట్‌లో నడిచేది. డెబియన్ అర్థానికి ఇది సరిగ్గా తలకిందులు కావడంతో రెండు డాక్యుమెంటేషన్లను కలిపి చదివేవారు తికమకపడతారు.

ఉబుంటు కూడా 25.10 విడుదల నుంచి డ్రాకట్‌ను డిఫాల్ట్‌గా తీసుకుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ కోసం రాసుకున్న సొంత హుక్‌లను డ్రాకట్ చదవదు. చీమకుర్తి సర్వర్ వంటిదాన్ని ఆ వరుసకు మార్చేవారు తమ టూల్స్‌కు డ్రాకట్ మాడ్యూల్ ముందే సిద్ధం చేసుకోవాలి, రిమోట్ అన్‌లాక్‌కు డ్రాకట్ కోసం విడిగా తయారైన ఎస్‌ఎస్‌హెచ్ మాడ్యూల్‌ను పరీక్షించి పెట్టుకోవాలి, ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ కమాండ్‌తో ఇమేజ్‌లో అవి ఉన్నాయని కళ్లారా చూశాకే, అదీ మెషీన్ పక్కన మనిషి ఉన్న రోజునే రీబూట్ చేయాలి.